రోదసి కార్ఖానాకు సర్కారు సొమ్ము: కాలువ తవ్వాలా, చెరువు తవ్వాలా?

2007 జనవరి 22 ఉదయం, శ్రీహరికోటకు తూర్పున సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, ప్యారాచూట్లకు వేలాడుతూ ఒక క్యాప్సూల్ బంగాళాఖాతంలో పడింది. బరువు 550 కిలోలు. పన్నెండు రోజుల ముందు, అంటే జనవరి 10న, పీఎస్‌ఎల్‌వీ-సీ7 దాన్ని శ్రీహరికోట నుంచే పైకి మోసుకెళ్ళింది. తీర రక్షక దళం వాళ్ళు నీళ్ళలో తేలుతున్న దాన్ని పట్టుకుని ఒడ్డుకు చేర్చారు. దాని పేరు ఎస్‌ఆర్‌ఈ-1. మనిషిని పైకి పంపి క్షేమంగా దించాలంటే ముందు ఒక డబ్బాను దించడం రావాలి కదా; అందుకని ఆ ప్రయోగాన్ని అందరం వ్యోమగాముల యాత్రకు తొలి మెట్టుగానే గుర్తు పెట్టుకున్నాం. కానీ ఆ క్యాప్సూల్ కడుపులో రెండు చిన్న ప్రయోగాలు కూడా వెళ్ళాయి. ఒకటి బెంగళూరు ఐఐఎస్‌సీ, విక్రమ్ సారాభాయ్ కేంద్రం కలిసి తయారు చేసిన కొలిమి. బరువు తెలియని చోట లోహాన్ని కరిగించి గడ్డకట్టించి చూశారు. రెండోది జంషెడ్‌పూర్ జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల వాళ్ళది. జీవుల శరీరంలో గట్టి పదార్థాలు ఏర్పడే తీరును అనుకరించి నానో స్ఫటికాలు పెంచడం వాళ్ళ పని.

రోదసిలో ఒక వస్తువు తయారు చేసి భూమి మీదికి తెచ్చుకోవడం అన్నది భారతదేశం ఆ రోజే చేసి చూపించింది. తెలుగు నేల నుంచి పంపింది, తెలుగు తీరానికి ఎదురుగా దించుకుంది. ఆ తర్వాత 2025 చివరిదాకా కక్ష్య నుంచి దిగివచ్చిన మన క్యాప్సూల్ ఇంకొకటి లేదు. 2014 డిసెంబర్‌లో కేర్ అనే ప్రయోగంలో వ్యోమగాముల మాడ్యూల్ నమూనాను సముద్రంలోకి దించారు గాని, అది కక్ష్యలో తిరిగి వచ్చినది కాదు. పైకి విసిరితే పడినది.

ఈ పద్దెనిమిదేళ్ళలో ప్రపంచం ఈ విషయం మీద చాలా డబ్బు పెట్టింది. మన దగ్గరా ఇప్పుడు నిధుల మాట వినిపిస్తోంది. అందుకే మొత్తం ప్రశ్నను ఒకసారి ముందేసుకుని చూడాలనిపించింది. రోదసిలో సరుకు తయారీకి ప్రజల సొమ్ము పెట్టాలా? పెడితే దేని మీద పెట్టాలి? ఇంతవరకూ పెట్టినవాళ్ళకు ఏం దక్కింది? ఏలూరులో కూర్చుని ఈ మాట ఎందుకంటే, సర్కారు పెట్టుబడి ఒక ప్రాంతాన్ని ఎలా నిలబెడుతుందో, ఎలా ముంచుతుందో రెండూ చూసిన ఊరిది.

ముందు అసలు అక్కడ తయారు చేయడమెందుకో చెప్పుకోవాలి. కొల్లేటి లంకల్లో పాతకాలపు ఇళ్ళలో బురదనీళ్ళను ఇండుపగింజ అరగదీసి తేర్చుకునేవాళ్ళు. మట్టి అడుగుకు దిగిపోయి పైన తేట నిలిచేది. ఆ మట్టిని కిందికి లాగేది భూమి ఆకర్షణే. పొయ్యి మీద ఎసరు మరిగేటప్పుడు అడుగున వేడెక్కిన నీరు పైకి లేస్తుంది, పైన చల్లనిది కిందికి దిగుతుంది; గిన్నెలో ఆ తిరుగుడు ఆగదు. అదీ ఆకర్షణ వల్లే. మన వంటకు ఇవి మేలు చేస్తాయి. అతి సున్నితమైన స్ఫటికం పెంచేవాడికి మాత్రం ఇవే శత్రువులు. బరువైన అణువులు ఒక పక్కకు చేరతాయి, ద్రవం కదిలిపోతుంది, స్ఫటికంలో లోపాలు పడతాయి. కక్ష్యలో ఈ బాధ ఉండదు. అలాగని అక్కడ ఆకర్షణ లేదనుకోవడం పొరపాటు. 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా భూమి ఆకర్షణలో దాదాపు తొంభై శాతం ఉంటుంది. ఉపగ్రహమూ, అందులోని గిన్నే, గిన్నెలోని ద్రవమూ అన్నీ ఒకే వేగంతో భూమి చుట్టూ నిరంతరం పడుతూనే ఉంటాయి కాబట్టి ఒకదాని బరువు ఇంకొకదానికి తెలియదు. మట్టి దిగదు, వేడి లేవదు. ఆ నిశ్చలతకే ఇంత ఖర్చు.

ఖర్చు ఎంతో తెలిస్తే సగం వాదన అక్కడే తేలిపోతుంది. స్పేస్‌ఎక్స్ వాళ్ళ ఫాల్కన్ రాకెట్టులో పదిమందితో కలిసి వెళ్ళే చౌక టికెట్టు కూడా కిలోకు 6,000 డాలర్లు దాటింది. అంటే ఐదు లక్షల రూపాయల పైమాట. ఇది పైకి వెళ్ళడానికే. కాలిపోకుండా కిందికి రావాలంటే ఉష్ణకవచం, ప్యారాచూట్లు, వెతికి పట్టుకునే ఓడలు, హెలికాప్టర్లు కావాలి. ఆ ఖర్చు వేరు. కిలోల లెక్కన అమ్మే సరుకేదీ ఈ ఖర్చు భరించలేదు. గ్రాముల్లో, మిల్లీగ్రాముల్లో లక్షలు పలికే సరుకైతేనే మాట్లాడుకోవాలి. అందుకే ఈ రంగంలో ఎప్పుడూ వినిపించేవి మూడు నాలుగే: మందుల స్ఫటికాలు, ప్రత్యేకమైన గాజు తీగలు, సెమీకండక్టర్ పదార్థాలు, జీవకణాలతో ముద్రించిన కణజాలం.

చరిత్ర చూస్తే ఆశా నిరాశా పక్కపక్కనే కనిపిస్తాయి. 1973లో అమెరికా స్కైలాబ్‌లోనే కొలిమి పెట్టి లోహాలు కరిగించారు. 1984 ఏప్రిల్‌లో మన రాకేశ్ శర్మ శాల్యూత్-7లో ఉన్నప్పుడూ పదార్థాలను కరిగించే పరీక్షలు జరిగాయి. రోదసిలో తయారై అమ్ముడుపోయిన మొదటి వస్తువు ఏమిటంటే, కంటికి కనిపించనంత చిన్న ప్లాస్టిక్ పూసలు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో నూరో వంతు. భూమి మీద అంత సైజులో అన్నీ ఒకేలా గుండ్రంగా రావడం కష్టమయ్యేది. లిహై విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వాండర్‌హాఫ్ బృందం వాటిని అమెరికా రోదసి ఓడ స్పేస్ షటిల్‌లో తయారు చేయించింది. 1985లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ వాటిని సీసాల్లో పెట్టి అమ్మింది. సూక్ష్మదర్శినులు, కణాలు లెక్కించే యంత్రాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూసుకోవడానికి కొలబద్దగా పనికొచ్చాయవి. అమ్మింది ప్రభుత్వ సంస్థే, తయారీకి ఓడ నడిపిందీ ప్రభుత్వమే. మంచి పని, కానీ పరిశ్రమ మాత్రం పుట్టలేదు.

అదే కాలంలో మెక్‌డొనెల్ డగ్లస్, జాన్సన్ అండ్ జాన్సన్ కలిసి విద్యుత్ క్షేత్రంతో జీవ పదార్థాలను వేరుచేసే యంత్రాన్ని షటిల్‌లో పెట్టాయి. రక్తకణాలను పెంచే ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోనును శుద్ధంగా తీయాలని వాళ్ళ ఉద్దేశం. మూత్రపిండాలు చెడి డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు అది ప్రాణాధారం. మెక్‌డొనెల్ డగ్లస్ ఇంజనీరు చార్లెస్ వాకర్ 1984లో ఒకసారి, 1985లో రెండుసార్లు ఆ యంత్రం వెంట వెళ్ళాడు. ఒక కంపెనీ పనిమీద రోదసికి వెళ్ళిన మొదటి మనిషి అతనే. యంత్రం పనిచేసింది. అయినా సరుకు బజారుకు రాలేదు. ఎందుకంటే ఈలోగా ఆమ్‌జెన్ కంపెనీ జన్యు ఇంజనీరింగ్‌తో అదే హార్మోనును నేల మీదే తయారు చేసింది. 1989లో ఆ మందుకు ఆమోదం దొరికింది. జాన్సన్ కంపెనీ ముందే పక్కకు తప్పుకుంది, 1986లో ఛాలెంజర్ షటిల్ పేలిపోయాక మిగిలిందీ ఆగిపోయింది.

ఈ ఒక్క కథను జాగ్రత్తగా చదివితే ఈ రంగం మొత్తం అర్థమవుతుంది. రోదసి తయారీకి పోటీ పక్క దేశం నుంచి రాదు. నేల మీద పనిచేసే తెలివైన శాస్త్రవేత్త నుంచి వస్తుంది. పైకి వెళ్ళి రావడానికి ఐదేళ్ళు పడితే, ఆ ఐదేళ్ళలో కింద ఎవరో ఒకరు అదే ఫలితాన్ని చౌకగా సాధిస్తారు. చైనా రోదసి విత్తనాలూ ఇలాంటివే. 1987 నుంచి తిరిగివచ్చే ఉపగ్రహాల్లో విత్తనాలు పంపి, అక్కడి వికిరణానికి వాటిలో వచ్చిన మార్పుల నుంచి మంచి మొక్కలను ఎంపిక చేస్తున్నారు. అలా వచ్చిన లుయువాన్ 502 గోధుమ అక్కడ విస్తారంగా సాగవుతోంది. కాదనలేని ఫలితం. అయితే మన భాభా అణు పరిశోధన కేంద్రం ట్రాంబేలో కూర్చుని వికిరణంతోనే వేరుశనగ రకాలు తీసింది. టీఏజీ-24 పేరు రాయలసీమ రైతుకు కొత్త కాదు. దానికి రాకెట్టు అవసరం పడలేదు. వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ళు రేపు రోదసికి విత్తనాలు పంపుతామంటే నేను మొదట అడిగేది ఇదే: ట్రాంబేలో కానిది అక్కడ ఏం అవుతుంది?

సోవియట్లు కూడా తక్కువ ఆశపడలేదు. 1990లో మీర్ అంతరిక్ష కేంద్రానికి తగిలించిన ఒక మాడ్యూల్‌కు క్రిస్టల్ అనే పేరే పెట్టారు. అందులో సెమీకండక్టర్ స్ఫటికాలు పెంచే కొలిములు అమర్చారు. మరుసటి ఏడాదే దేశం విడిపోయింది. అమెరికాలో 1980ల చివర, ఒక ప్రైవేటు కంపెనీ కట్టే రోదసి కర్మాగారంలో ప్రభుత్వం ముందే చోటు అద్దెకు తీసుకోవాలా అని పెద్ద చర్చ నడిచింది. 1989లో జాతీయ పరిశోధనా మండలి అంత అవసరం కనిపించడం లేదని చెప్పడంతో అది ఆగింది.

ఇప్పటి పరిస్థితి కొంత వేరు. రాకెట్టు ఖర్చు తగ్గింది, మనుషులు లేని చిన్న క్యాప్సూళ్ళు వచ్చాయి. వీటిలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించినది వార్దా అనే అమెరికా కంపెనీ చేసిన పని, అందులోనూ వాళ్ళు ఎంచుకున్న మందు. రిటోనవిర్ అని హెచ్‌ఐవీ మందు. 1996లో బజారుకు వచ్చింది. 1998లో ఉన్నట్టుండి కర్మాగారంలో అదే అణువు ఇంకో రూపంలో గడ్డకట్టడం మొదలుపెట్టింది. కొత్త స్ఫటికం సరిగా కరగదు, అంటే ఒంటికి పట్టదు. క్యాప్సూళ్ళను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. రోగుల ప్రాణాలతో ముడిపడిన మందు ఒక స్ఫటికం రూపం మారినందుకు ఆగిపోయింది. స్ఫటికాలను అదుపులో పెట్టడం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు. ఈ మందు మనకూ పరాయిది కాదు. కోవిడ్ చికిత్సలో నిర్మాట్రెల్‌విర్‌తో జతగా ఇచ్చింది దీన్నే. ఆ జంటకు హైదరాబాద్ హెటిరో చేసిన జనరిక్‌కు 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ఇచ్చింది.

వార్దా మొదటి క్యాప్సూల్ 2023 జూన్‌లో వెళ్ళి రిటోనవిర్ స్ఫటికాలతో 2024 ఫిబ్రవరి 21న ఉటా ఎడారిలో దిగింది. ఈ మధ్య కాలంలో ఎక్కువ భాగం దిగడానికి అనుమతి కోసం ఆగడమే. పైకి పంపడానికి కాగితం దొరికింది, కిందికి దించడానికి దొరకలేదు. ఆ తర్వాతి రెండు క్యాప్సూళ్ళు 2025లో దక్షిణ ఆస్ట్రేలియాలోని కూనిబ్బాలో దిగాయి. ఇందులో సర్కారు సొమ్ము ఎక్కడుంది? ముఖ్యంగా అమెరికా వైమానిక దళం దగ్గర. ధ్వని కంటే ఎన్నో రెట్ల వేగంతో వాతావరణంలోకి దూసుకొచ్చే ఆ క్యాప్సూల్ వాళ్ళ పరీక్షా పరికరాలకు చవకైన బండి. మందు పేరు ముందు కనిపిస్తుంది, రక్షణ శాఖ డబ్బు వెనక నడిపిస్తుంది. ఇది తప్పని నేననను. కానీ ఆ కంపెనీ విజయాన్ని చూపించి మందుల తయారీ గిట్టుబాటైందని ఎవరైనా చెబితే లెక్క సరిచూసుకోవాలి.

నాసా వైపు నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో తయారీ ప్రయోగాలకు ఒక ప్రత్యేక పథకమే నడుస్తోంది. దాని నీడలో 2024 ఆరంభంలో ఫ్లాలెస్ ఫోటోనిక్స్ అనే సంస్థ జిబ్లాన్ గాజు తీగను ఐదు కిలోమీటర్లకు మించి తీసింది. జర్కోనియం, బేరియం, లాంథనం, అల్యూమినియం, సోడియం ఫ్లోరైడ్ల గాజు అది. మామూలు గాజు తీగ కంటే ఎన్నో రెట్లు తక్కువ నష్టంతో కాంతిని మోయగలదని లెక్క చెబుతుంది. నేల మీద తీసేటప్పుడు లోపల సూక్ష్మ స్ఫటికాలు పుట్టి చెడిపోతుంది. రోదసిలో ఆ బాధ తగ్గుతుంది. దీని మీద నాకు కొంత నమ్మకముంది. బరువు తక్కువ, విలువ ఎక్కువ, తేడా చేతికి తెలిసేది. 2023లో అదే కేంద్రంలో రెడ్‌వైర్ సంస్థ మోకాలి కీలులో ఎముకల మధ్య ఉండే మృదులాస్థిని ముద్రించి కిందికి తెచ్చింది. అది ఇంకా ప్రయోగశాల మాటే.

బ్రిటన్‌లో స్పేస్ ఫోర్జ్ అని కార్డిఫ్ కంపెనీ ఉంది. సెమీకండక్టర్ పదార్థాలు దాని లక్ష్యం. 2023 జనవరిలో దాని మొదటి ఉపగ్రహం రాకెట్టు విఫలమై సముద్రం పాలైంది. అక్కడి ప్రభుత్వం, నాటో నిధి దాన్ని వదలలేదు. 2025 జూన్‌లో రెండోది కక్ష్యకు చేరింది. ఒక ఓటమి తర్వాత రెండో అవకాశం ఇవ్వడం ప్రజాధనం చేయగల పెద్ద మేలు. ప్రైవేటు పెట్టుబడికి అంత ఓపిక ఉండదు.

ఇదంతా చదివాక నాకు మా కాలువలూ, మా కొల్లేరూ గుర్తొచ్చాయి.

దవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఖజానా సొమ్ముతో కట్టారు. కాలువలు తవ్వారు. ఏలూరు దగ్గర గోదావరి కాలువ, కృష్ణా కాలువ కలిసి పడవల దారి ఏర్పడింది. సర్కారు కాలువ తవ్వింది గాని ఆ నీటితో నువ్వు ఈ వంగడమే వెయ్యి అని చెప్పలేదు. వరి వేసినవాడు వరి వేశాడు, చెరకు వేసినవాడు చెరకు వేశాడు, ఒకడు నష్టపోతే ఇంకొకడు నిలబడ్డాడు. నూట డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా డెల్టా తింటున్నది ఆ కాలువల తిండే.

కొల్లేరులో వేరే దారి పట్టారు. 1970ల్లో జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు లంక గ్రామాల పేదలకు, మత్స్యకారులకు సహకార సంఘాలు పెట్టించి సరస్సులోనే చేపల చెరువులు తవ్వించి ఇచ్చారు. ఉద్దేశం మంచిదే, వరదకు వరి పోతున్న వాళ్ళకు బతుకుతెరువు చూపించాలని. కానీ అది ఒక సరుకుకు, ఒక పద్ధతికి పెట్టిన పెట్టుబడి. లాభం కనబడగానే బయటి డబ్బు లీజుల రూపంలో దిగింది, గట్ల మీద గట్లు లేచాయి. సంఘంలో పేరున్నవాడు తన చెరువు గట్టు మీదే కూలికి వెళ్ళిన ఇళ్ళు లంకల్లో ఎన్నో. 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట గట్లు పేల్చారు. అప్పటికి ఉప్పుటేరు దాకా నీటి నడక మారిపోయింది. సరస్సులో 42 శాతం చేపల చెరువుల కిందికి పోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు తేల్చింది మన ఐఆర్‌ఎస్-1డి ఉపగ్రహం 2001లో తీసిన చిత్రాన్ని చదివే. ఇక్కడ ఒక మాట. రోదసి నుంచి నేలకు వచ్చి నిజంగా కోట్లమందికి పనికొచ్చిన సరుకు ఇప్పటికి ఇదొక్కటే: సమాచారం. తుపాను హెచ్చరిక, చేపలు దొరికే చోటు చెప్పే సముద్ర సమాచార కేంద్రం (ఇన్‌కాయిస్) సూచన, సరస్సు కుంచించుకుపోతోందన్న సాక్ష్యం. దానికి బరువు లేదు, దించడానికి ప్యారాచూట్ అక్కర్లేదు.

రోదసి తయారీకి పెట్టే సర్కారు డబ్బు కాలువ లాంటిదా, చెరువు లాంటిదా అన్నదే నేను అడిగేది. ఫలానా మందు తయారు చేస్తామన్న ఫలానా కంపెనీకి కోట్లిస్తే అది చెరువు. పైకి వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చే దారిని క్రమం తప్పకుండా నడిపి, ఎవరి సరుకు వాళ్ళు పెట్టుకోండని తెరిచి ఉంచితే అది కాలువ. ఎరిత్రోపొయిటిన్‌ను నమ్ముకున్న పెట్టుబడి పోయింది. దాన్ని మోసిన ఓడ మాత్రం పూసలనూ, స్ఫటికాలనూ, ఇంకా వందల ప్రయోగాలనూ మోసింది.

మన దేశంలో ఇప్పుడు నిధులకు కొదవ లేదనే చెప్పాలి. 2025-26 బడ్జెట్‌లో అంతరిక్ష శాఖకు 13,416 కోట్ల రూపాయలు కేటాయించారు. 2024 అక్టోబర్‌లో రోదసి స్టార్టప్‌ల కోసం 1,000 కోట్ల వెంచర్ నిధికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ప్రైవేటు రోదసి కంపెనీలకు తోడ్పడే కేంద్ర సంస్థ ఇన్‌స్పేస్ 500 కోట్లతో సాంకేతికతను అందిపుచ్చుకునే నిధి పెట్టింది. 2025 జులైలో లక్ష కోట్ల పరిశోధన, ఆవిష్కరణ నిధికి ఆమోదం దొరికింది. గగన్‌యాన్, దాని కొనసాగింపుగా భారతీయ అంతరిక్ష కేంద్రం తొలి మాడ్యూల్ కలిపి 20,193 కోట్ల కార్యక్రమమైంది. 2035కు ఆ కేంద్రం పూర్తి కావాలన్నది లక్ష్యం. రాష్ట్రాలూ వెనకబడలేదు. తెలంగాణ 2022లో స్పేస్‌టెక్ విధానం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2025లో అంతరిక్ష విధానం ప్రకటించి లేపాక్షి, తిరుపతి దగ్గర స్పేస్ సిటీలు తలపెట్టింది. ఇస్రో మాజీ అధ్యక్షుడు ఎస్. సోమనాథ్‌ను సలహాదారుగా పెట్టుకుంది. స్కైరూట్ 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్ రాకెట్టును ఎగరేసింది. ధ్రువ స్పేస్, అనంత్ టెక్నాలజీస్, మిధానీ అన్నీ హైదరాబాద్‌లోనివే. ఇవన్నీ రాకెట్లు, ఉపగ్రహాలు, వాటి భాగాలు. పైకి వెళ్ళే దారికి కావలసినన్ని చేతులున్నాయి.

దారిలో సగం కూడా ఉంది. 2022 జూన్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ53తో మొదలుపెట్టిన పోయెమ్ వేదిక మన ఇంజనీర్ల తెలివికి మంచి ఉదాహరణ. పని అయిపోయాక చెత్తగా మిగిలే రాకెట్టు నాలుగో దశనే సౌర ఫలకాలు తగిలించి ప్రయోగశాలగా వాడుతున్నారు. 2024 డిసెంబర్ 30న వెళ్ళిన పోయెమ్-4 మీద 24 ప్రయోగాలున్నాయి. హైదరాబాద్‌కు చెందిన టేక్‌మీటూస్పేస్ ప్రయోగం అందులో ఒకటి. ఇస్రో వాళ్ళే పంపిన ఎనిమిది బొబ్బర గింజలు నాలుగు రోజుల్లో మొలకెత్తాయి. ఆ మొలకల ఫొటోలు చూసి మా ఇంట్లో పిల్లలు గెంతారు. కానీ ఆ మొలకలను ఎవరూ చేత్తో ముట్టుకోలేరు, కోసి చూడలేరు. పోయెమ్ తిరిగి రాదు. చివరికి వాతావరణంలో కాలిపోతుంది. తయారీకి అసలు కావలసింది ఆ రెండో సగం. 2025 జూన్‌లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా యాక్సియం-4 యాత్రలో వెళ్ళినప్పుడు మెంతులూ పెసలూ మొలకెత్తించి వెనక్కి తెచ్చారు. ఆ యాత్రకు మనం కట్టినది దాదాపు 550 కోట్లు, వాడిన బండి అమెరికాది.

ఈ పనిలో మా దగ్గరి తాడేపల్లిగూడెం కూడా ఒక చేయి వేయగలదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్‌వాళ్ళు విమానాలు దించుకోవడానికి వేసిన రన్‌వే ఉన్న ఊరది. 2015లో రాష్ట్రానికి వచ్చిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ అక్కడే స్థిరపడింది. అందులో లోహ, పదార్థ శాస్త్ర విభాగం ఉంది, రసాయన ఇంజనీరింగ్ ఉంది, బయోటెక్నాలజీ ఉంది. ఈ వ్యాసంలో ఇంతసేపూ చెప్పుకున్న సరుకులన్నీ ఆ మూడు విభాగాల్లోకే వస్తాయి. రోదసి తయారీలో తొంభై పాళ్ళ పని నేల మీద జరిగేదే. ఏ స్ఫటికం ఆకర్షణ వల్ల చెడిపోతోంది, ఏది ఇంకేదో కారణంగా చెడిపోతోంది అన్నది ముందు ఇక్కడ తేల్చాలి. పైకి పంపిన దానికి జతగా అదే కొలిమి, అదే పదార్థం, అదే వేడితో కింద ఇంకొకటి నడవాలి. లేకపోతే వచ్చిన తేడా దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఆ జంట కొలిమి పెట్టడానికి స్పేస్ సిటీ అక్కర్లేదు. కాలేజీ ప్రయోగశాల, నలుగురు పరిశోధక విద్యార్థులు, ఐదేళ్ళపాటు ఆగకుండా వచ్చే చిన్న నిధి చాలు.

చిన్న ఊరి పిల్లలకు ఇంత పెద్ద పనా అనే మాట నాకు నచ్చదు. గూడేనికి పక్కనే ఉన్న భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపిన బృందం నుంచే ఫోలిక్ ఆమ్లం తయారీ, మెథోట్రెక్సేట్, బోదకాలుకు హెట్రజాన్ వచ్చాయి. బోదకాలు మా గోదావరి జిల్లాల జబ్బు. ఆ మందు బిళ్ళలే ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చి మింగించారు. ఏ సరుకు తయారు చేయాలో ఎంచుకునేటప్పుడు మనుషులకు ఏది కావాలో ముందు చూసిన శాస్త్రవేత్త ఆయన.

ఎదురు వాదన బలమైనది, దాన్ని దాటేయకూడదు. యాభై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నా రోదసి సరుకు ఒక్కటీ పెద్ద బజారుగా ఎదగలేదు. అంతర్జాతీయ కేంద్రానికి నాసా ఏటా 300 కోట్ల డాలర్లు ఖర్చు పెడుతున్నా పరిస్థితి ఇదే. కొల్లేటి గ్రామాల్లో తాగే నీళ్ళే సరిగా లేవు, బుడమేరు పొంగిన ప్రతిసారీ లంకలకు దారులు తెగుతున్నాయి. ముందు ఆ డబ్బు ఇక్కడ పెట్టమంటే నేను కాదనలేను. అందుకే పెద్ద కర్మాగారం కట్టమనడం లేదు. భారతీయ అంతరిక్ష కేంద్రంలో తయారీ విభాగం పేరిట వేల కోట్లు ఇప్పుడే రాసుకోవడానికి నేను ఒప్పుకోను. అడిగేది చిన్నది: ఎస్‌ఆర్‌ఈ లాంటి మనుషులు లేని క్యాప్సూల్ ఏడాదికి ఒకటి. దాని బరువులో సగం విశ్వవిద్యాలయాలకు, సగం డబ్బు కట్టే కంపెనీలకు. 2007లో చేతనైన పని ఇది. ఈలోగా గగన్‌యాన్ కోసం ఉష్ణకవచాలు, ప్యారాచూట్లు ఎన్నోసార్లు పరీక్షించాం. సముద్రంలో వెతికి పట్టుకోవడంలో నౌకాదళం ఆరితేరింది. రాకెట్టు విఫలమయ్యే ప్రమాదం ఉంది, 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 విఫలమైంది కూడా. ఏటా ఒకటి వెళుతుందని తెలిస్తే ఒకటి పోయినా విద్యార్థి చదువు ఆగదు. ఇరవై ఏళ్ళకొకటి వెళితే ఆ ఒక్కటి పోవడమంటే ఒక తరం పోవడం.

షరతులూ ఉండాలి. ప్రజల సొమ్ముతో వెళ్ళొచ్చిన మందు బజారుకొస్తే మన ఆసుపత్రుల్లో అందుబాటు ధరకు దొరకాలని ఒప్పందంలోనే రాయాలి. కొల్లేటి సంఘాలకు ఆ రాత లేకపోవడం వల్లే గట్లు చేతులు మారాయి. క్యాప్సూల్ దిగే రోజున వేటకు వెళ్ళలేని మత్స్యకారులకు ఆ రోజు కూలి లెక్కలో వేయాలి. అంతరిక్ష కార్యకలాపాల చట్టం ముసాయిదా 2017 నుంచి ముసాయిదాగానే ఉంది. కిందికి దిగేవాటికి ఎవరు అనుమతివ్వాలి, పొరపాటున ఎవరి పడవ మీదో పడితే ఎవరు బాధ్యులు అన్నది చట్టంలో స్పష్టంగా ఉండాలి. వార్దా నెలల తరబడి ఆగింది ఈ తికమక వల్లే.

పార్లమెంటులో మాట్లాడే మన ఎంపీలకు, అమరావతిలో అంతరిక్ష విధానం రాస్తున్నవాళ్ళకు నా మనవి ఇది. స్పేస్ సిటీల భూముల లెక్కలు కాసేపు పక్కన పెట్టండి. రెండో ఎస్‌ఆర్‌ఈకి తేదీ అడగండి. ఆ క్యాప్సూల్‌లో తాడేపల్లిగూడెం ప్రయోగశాలకు ఒక కిలో చోటు అడగండి.